పైడమ్మ గారు మార్పించిన గాజు ముక్కలు

2023లో నేను మలేషియాలో, ఈపో అనే ఊళ్లోని ఒక చిన్న సంస్థలో స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని. పాత భవనాలు ఇంకా నిలబడగలవో లేదో చూసి రిపోర్టు రాయడం నా పని. ప్రసూతి సెలవు ముగిసి నెలే అయింది. పాపకు అయిదో నెల. ఆ రోజుల్లో ఎవరితో మాట్లాడినా నా నోట ముందు వచ్చే మాట "జాగ్రత్త".

ఊరికి అరగంట దూరంలో, ఒకప్పుడు తగరం తవ్విన చోట, ఒక పాత బార్ ఉంది. తవ్వి వదిలేసిన నేల ఏళ్ల తరబడి కుంగుతూ ఉంటుంది. దాన్ని సబ్‌సిడెన్స్ అంటాం. ఆ కుంగుబాటుకు బార్ మొత్తం ఒక పక్కకు వాలిపోయింది. బల్లలకు ఎత్తువైపు కాళ్లు కోసి సరిచేశారు. గోడ క్యాలెండర్ కింది అంచు గోడను తాకకుండా జానెడు దూరంలో వేలాడుతూ ఉంటుంది.

ఆ బార్ నడిపే పైడమ్మ గారికి డెబ్బై దాటాయి. బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పుట్టిన తెలుగావిడ. భర్త అప్పలసామి గారు తుంటి ఎముక విరిగి వెనక గదిలో మంచం మీదే ఉంటారు.

"బయపడకమ్మా," అందావిడ, నేను గుమ్మంలో తడబడుతుంటే. "రెండు గ్లాసులు పడితే ఇల్లు నేరుగా నిలబడతాది లా. మా కస్టమర్లందరూ అదే అంటారు." మాట చివర ఆ "లా" మలేషియా వాళ్లందరి అలవాటు.

వాలిన ఇల్లు వాలినట్టే వందేళ్లు ఉండొచ్చు. అది ఇంకా కదులుతోందా అన్నదే నన్ను పంపిన మునిసిపల్ కౌన్సిల్ వాళ్ల ప్రశ్న. కదలకపోతే బార్ ఉంటుంది, కదిలితే ఖాళీ చేయించాలి. దానికి మేము టెల్‌టేల్ వాడతాం. గోడ పగులు మీద అడ్డంగా అతికించే సన్నని గాజు ముక్క అది. పగులు వెంట్రుకంత పెరిగినా గాజు విరుగుతుంది. హాల్లో ఒకటి, నడవలో ఒకటి, అప్పలసామి గారి మంచం పైన ఒకటి అతికించి, వాటి మీద తేదీ రాశాను. ఎవరి చెయ్యీ తగలకూడదని నా భయం. "మామ్మగారూ, వీటితో చాలా జాగ్రత్త. పగలకూడదు," అని మూడుసార్లు చెప్పి వచ్చాను.

ఆరు వారాల తర్వాత వెళ్తే మూడూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. నా మనసెంత తేలికపడిందో చెప్పలేను. నోట్‌బుక్‌లో "కదలిక లేదు" అని రాసేశాను కూడా.

"ఒక్కటీ పగల్లేదు మామ్మగారూ. ఇక మీకు దిగుల్లేదు."

ఆవిడ ముఖం వెలిగింది. "పగిలినాయమ్మా. నానే మార్పించినాను."

"ఏమిటీ?"

"నువ్వు నమ్మి ఒప్పసెప్పి ఎల్లినావు. మా ఇంట్లో పగిలితే ఏటనుకుంటావు? పోటోలు కట్టే కెడై కొట్లో అదే కొలతకి కోయించినాను. నువ్వు రాసిన అంకెలు కూడా సూసి రాసినాను. బాగా రాలేదా?"

బాగానే వచ్చాయి. నా రాత కాదని నేనే పట్టుకోలేకపోయాను. నోట్‌బుక్ తీసి రాసింది కొట్టేశాను.

"ఏది పగిలింది? ఎప్పుడు?"

విరిగిన ముక్కల్ని కూడా ఆవిడ పారేయలేదు. బిస్కెట్ డబ్బా తెచ్చి మూత తీసింది. హాల్లోది విరగలేదు. నడవలోది పెద్దవాన పడిన మర్నాడు విరిగింది. మంచం పైనది రెండుసార్లు విరిగింది.

"తాతగారిని ఈ గదిలోంచి ఇప్పుడే మార్చాలి," అన్నాను.

"నాను కదల్ను," అన్నారాయన మంచంలోంచి. "గోడవతల జనం మాటలు ఇనబడకపోతే నాకు నిద్దరట్టదు."

"నలపై ఏళ్లు నీ మాట ఇన్నాను," అంది పైడమ్మ గారు. "ఈ దినం ఈ ఆడగుంట మాట ఇను. జనం మాటలే కావాలంటే జనం మజ్జిలోనే ఏస్తాను నీ మంచం."

హాల్లో కూర్చున్న నలుగురు గ్లాసులు పక్కన పెట్టి లేచారు. ఆయనతో సహా మంచాన్ని మోసుకొచ్చి కౌంటర్ పక్కన దించారు. మంచానికి కూడా ఎత్తువైపు కాళ్లు కోయాలని ఒకాయన అంటే అప్పలసామి గారు తిట్టారు. తిట్టి నవ్వారు.

వారం తర్వాత వెనక గదిని విప్పాం. మంచం ఉన్న చోట గచ్చు తీస్తే, కింద నీళ్లు కోసేసిన గొయ్యి కనిపించింది. మా సూపర్‌వైజర్ అందులోకి దిగితే అంచు అతని భుజాల దాకా వచ్చింది. పైడమ్మ గారు తొంగిచూసి, హాల్లోకి వెళ్లి భర్త పాదాల మీద దుప్పటి సర్దింది.

ముందు భాగానికి అండర్‌పిన్నింగ్ చేశాం. అంటే పాత పునాది కింద గట్టినేల దాకా కొత్త పునాది వేయడం. అది పూర్తయ్యేవరకు బార్ మూసే ఉంది. ఇప్పుడది వాలినట్టే ఉంది, కానీ నిలబడి ఉంది.

ఆ గాజు ఎందుకో ఆవిడకు నేను ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది. నా కంగారంతా ఆవిడ మీద పెట్టి వచ్చాను. భయపడుతూ "పగలకూడదు" అని అప్పగిస్తే, మంచివాళ్లు పగిలినదాన్ని మన కోసం బాగుచేసి పెడతారు. మనకు తెలియాల్సింది అక్కడే మాయమైపోతుంది. ఇప్పుడు ఏ ఇంట్లో టెల్‌టేల్ అతికించినా, "ఇది విరిగితే మీ తప్పు కాదు, వెంటనే నాకు చెప్పండి," అంటాను. పాపను చూసుకునే ఆవిడకూ అలాగే చెప్పడం నేర్చుకున్నాను.

పైడమ్మ గారు నెలకోసారి ఫోన్ చేస్తుంది. "అమ్మా, హాల్లో గాజు పగల్లేదు," అంటుంది. మళ్లీ తనే, "నానేటీ సెయ్యలేదు, నిజంగానే పగల్లేదు," అంటుంది.