నూకయ్య కారు షెడ్డులో చెమ్మ

నూకయ్య ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బాయిలర్లు బాగుచేసేవాడు. అతని తండ్రి బొబ్బిలి వైపు పల్లె నుంచి వచ్చి అదే షాపులో చేరి, అందులోనే ముసలివాడై పోయాడు. ఆ ఊళ్లోనే ఖరిదా అనే పేటలో రెండు గదుల పెంకుటింట్లో నూకయ్యా, భార్య జోగమ్మా, పక్షవాతంతో మంచం పట్టిన తల్లి చిలకమ్మా ఉండేవారు. పిల్లలు లేరు.

పంతొమ్మిది వందల అరవైల్లో రిచర్డ్ అనే ఇంజను డ్రైవరు ఇంగ్లండు వెళ్లిపోతూ తన పాత కారుని నూకయ్యకు అమ్మాడు. రిటైరయ్యాక దాన్ని స్టేషను దగ్గర టాక్సీగా తిప్పుకోవాలని నూకయ్య ఆశ. సైరను మోతకి లేచి పరిగెత్తే బతుకుతో విసిగిపోయాడు. నీడపట్టున కూర్చుని చేసే పని ఏదైనా చాలనిపించేది. ఇంటి పక్కన ఇటుక గోడలు లేపి, పైన రేకులు వేసి, కారుకి షెడ్డు కట్టాడు.

మొదటి వానాకాలంలోనే షెడ్డులో చెమ్మ పట్టుకుంది. తెల్లవారి తలుపు తీస్తే రేకుల అడుగున నీటిబొట్లు వేలాడుతుండేవి. చూస్తుండగానే ఒక్కొక్కటీ కారు మీద పడేవి. సీట్లకు బూజు పట్టింది. తలుపుల అంచులు తుప్పెక్కాయి. ఇంజను ఓ పట్టాన అందుకునేది కాదు. వాన నీళ్లు ఎక్కణ్ణుంచో దూరుతున్నాయనుకున్నాడు నూకయ్య. సెలవు దొరికినప్పుడల్లా నిచ్చెన వేసుకుని మేకుల చుట్టూ తారు పూశాడు. గోడకీ రేకుకీ మధ్య సందుల్లో తారులో ముంచిన గోనెపట్టాలు కుక్కాడు. కిటికీకి ఇటుకలు పేర్చి పూడ్చేశాడు. ఎంత మూసినా చెమ్మ తగ్గలేదు. పైగా ఎక్కువైంది.

"ఇంకేటి మూయాలో నాకు తెలీడం లేదు" అన్నాడు ఒక సాయంత్రం, చేతులకంటిన తారు కిరసనాయిలుతో తుడుచుకుంటూ.

జోగమ్మ కణతలు నొక్కుకుంటూ గోడకి జారబడి ఉంది. "నాకూ తెలీదు మావా. తల పగిలిపోతంది. కూడు నువ్వే ఎట్టుకో."

ఆ తలనొప్పి ఆమెకి వానలు మొదలైనప్పటి నుంచీ ఉంది. చాకిరీ వల్లే అనుకున్నాడు అతను. ఆమె కూడా అలాగే అనుకుంది. అంతకుమించి అడిగే ఓపిక అతనికి లేదు, చెప్పే ఓపిక ఆమెకి లేదు.

ఆ శ్రావణమాసంలో ముసురు పట్టింది. నూకయ్య పొద్దుటి షిఫ్టు దిగి, మధ్యాహ్నం తడిసి ఇంటికొచ్చేసరికి తల్లి మంచం మీంచి కేకలేస్తోంది.

"ఒరే నూకా! కోడలు షెడ్డులోకెల్లింది, ఎంతకీ రాలేదురా. పిలిస్తే పలకట్లేదు!"

తలుపు లాగితే వేడి ఆవిరి మొహానికి కొట్టింది. కారుకి అటూ ఇటూ తాళ్లు కట్టి, తల్లి మంచంలో పరిచే పాత చీరముక్కలు ఆరేసి ఉన్నాయి. వాటి కింద కుంపట్లో బొగ్గులు ఎర్రగా రాజుకుంటున్నాయి. చక్రం పక్కన జోగమ్మ ఒరిగిపోయి ఉంది.

చంకల కింద చేతులేసి ఆమెను వాకిట్లోకి, వానలోకే లాగాడు. పక్కింటి బెంగాలీ ఆవిడ "కీ హోలో దాదా?" అని, ఏమైందని అడుగుతూ పరిగెత్తుకొచ్చి ఆమె చెంపలు తట్టింది. నూకయ్య కారు తీద్దామని వెళ్లి తాళం తిప్పాడు. ఇంజను మూలిగి ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. ఇక అందులోంచి దిగి రిక్షా కోసం రోడ్డు మీదకి పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి జోగమ్మ వాంతి చేసుకుని కళ్లు తెరిచింది.

"కుంపటి తియ్యి మావా, బట్టలు మాడిపోతాయి" అంది.

గాలాడని చోట బొగ్గులు రాజేస్తే ఆ గాలే విషమవుతుందని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నాడు.

దీపాల వేళకి ఇంటికొచ్చారు.

"షెడ్డులో ఎందుకారేసినావు?" అని అడిగాడు నూకయ్య. గొంతులో కోపం లేదు.

"ఇంకెక్కడ ఆరీమంటావు? ఇల్లంతా కారతంది. అత్తకి పూటకి నాలుగు గుడ్డలు మార్చాలి. తడి గుడ్డేస్తే ఒళ్లు పుండ్లు పడతాది. నువ్వొచ్చేలోగా తీసేసేదాన్ని. కారు మీద తాడు కట్టినావని అరుస్తావని."

ఆవిరి చల్లటి ఇనుముకి తగిలితే నీరవుతుందని నూకయ్యకి ఎవరూ చెప్పక్కర్లేదు. రోజూ షాపులో చూసేదే. తాను సందులన్నీ పూడ్చి ఆ ఆవిరినీ, బొగ్గు గాలినీ, వాటి మధ్య భార్యనీ లోపలే బిగించాడు.

మర్నాడు పనికి వెళ్లలేదు. గోనెపట్టాలన్నీ పీకేశాడు. కిటికీ ఇటుకలు ఊడగొట్టి, ఎదుటి గోడకీ కన్నాలు పెట్టాడు. పక్కింటాయన సాయం పడితే కారుని వాకిట్లోకి తోసి, పైన టార్పాలిను కప్పాడు. ఆ తర్వాత షెడ్డులో తాళ్లూ గుడ్డలే ఉండేవి. గాలికి అవి నెమ్మదిగా ఆరేవి, ముసురు రోజుల్లో అసలు ఆరేవే కావు. కుంపటి పెట్టవలసి వస్తే తలుపు బార్లా తీసి పెట్టేవారు. షిఫ్టు నుంచి రాగానే బూట్లు విప్పకుండా ముందు నూకయ్య గుడ్డలు తిరగేసేవాడు. జోగమ్మ తలనొప్పి తగ్గింది గాని, మెట్లెక్కితే ఆయాసం మాత్రం ఉండిపోయింది.

చిలకమ్మ ఇంకో రెండు వానాకాలాలు బతికింది. వాకిట్లో కారు అడుగుని తుప్పు తినేసింది. ఊళ్లోనే పూరీ గేట్ వైపు నుంచి ఒక మెకానిక్ వచ్చి, ఇంజను పనికొస్తుందని కొని, లారీకి కట్టి లాక్కుపోయాడు. అది సందు మలుపు తిరిగేదాకా నూకయ్య చూశాడు.

"బాధగుందా మావా?" అంది జోగమ్మ.

"లేదే. కూకోవాలనుంది, అంతే" అని అరుగు మీద కూలబడ్డాడు. ఆమె కూడా వచ్చి పక్కన కూర్చుంది. టీ పెట్టడానికి ఇద్దరిలో ఎవరూ లేవలేదు.