గ్యాసు గొట్టానికి పెట్టిన కంత

మా వంటింటి గోడకి జానెడు కంత ఒకటి ఉండేది. సముద్రం కిందనించి గ్యాసు వస్తుందని మా నాన్న పెట్టించిన కంత అది.

బందరు దగ్గర నేతవాళ్ల ఊరు మాది. నాన్న చీరలు మూటగట్టి విజయవాడ వన్ టౌన్ కొట్లకి వేసి వచ్చేవాడు. డెబ్బైల నడిమిలో మా తీరానికి సర్వేవాళ్లు దిగారు. వాళ్లలో ఒక ఇంజనీరు చీర కొనడానికి మా ఇంటికొచ్చి, సముద్రం అడుగున గ్యాసు ఉండొచ్చన్నాడు.

"ఎంత ఉండొచ్చండీ?" అన్నాడు నాన్న.

"అంతా అంచనాయేనండీ. బావి తవ్వితేగానీ చెప్పలేం. పడితే మాత్రం మీ రాష్ట్రానికి రాయల్టీ బాగానే వస్తుంది."

మొదటి మాట నాన్న చెవికెక్కలేదు. రెండోది ఊరంతా చాటాడు. ఇక సాయంత్రమైతే మా అరుగు మీద సభే. రాష్ట్రం వాటాలో జిల్లాకెంత, జిల్లా వాటాలో మన ఊరికెంత అని పంచిపెట్టేవాడు. రోడ్లు వేసేవాడు, కాలవలు బాగుచేసేవాడు, నూలు చౌక చేసేవాడు. చివరికి ఇంటింటికీ గొట్టం వేసి గ్యాసు ఇచ్చేవాడు. "మన సముద్రంలోది మనకివ్వకుండా ఎక్కడికి పోతుందయ్యా?"

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అనేది అమ్మ లోపల్నించి.

ఒకసారి విజయవాడలో చీరలు కొనే షావుకారు గారింట్లో గ్యాసు పొయ్యి చూసొచ్చాడు. రాగానే మా పాత పొయ్యినీ, దాని పొగగొట్టాన్నీ పీకించి, అక్కడ రాతిగట్టు కట్టించాడు. తర్వాత పగలగొడితే గోడ పాడవుతుందని సముద్రం వైపు కంత కూడా పెట్టించాడు. గ్యాసు వచ్చేదాకా ఊక పొయ్యి నేలమీద పెట్టుకోమన్నాడు అమ్మని. ఆ వంటింటికి కిటికీ లేదు. అన్నం ఒక్కటే అయితే సరే, మగ్గం మీది పడుగు నూలుకి పట్టించే గంజి కూడా ఆ పొయ్యి మీదే కాగాలి. నేతింట్లో పొయ్యి ఆరదు.

రెండో ఏటికి అమ్మకి దగ్గు పట్టుకుంది. పొగ తగలకూడదన్నారు డాక్టరు గారు.

"ఏవండీ, మళ్లీ పొగగొట్టం పెట్టిద్దామా?"

"ఇవాళో రేపో గ్యాసు వస్తుంటే మళ్లీ గోడ పగలగొడతామటే?"

ఆయన చెడ్డవాడు కాదు. విజయవాడ వెళ్లినప్పుడల్లా అమ్మకి మందు తెచ్చేవాడు, దగ్గొస్తే వీపు నిమిరేవాడు. అందుకే నాకింకా ఒళ్లు మండుతుంది. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని.

పొగ కమ్మేసినప్పుడు అమ్మ లేచి, గట్టు పట్టుకుని, ఆ కంతకి మొహం ఆనించి గాలి పీల్చుకునేది. కాస్త తేరుకుని మళ్లీ పొయ్యి ముందు కూర్చునేది.

సర్వేవాళ్లు వెళ్లిపోయారు. గ్యాసు రాలేదు. ఒక వానాకాలం అమ్మ పోయింది.

కర్మలయ్యాక నాన్న మేస్త్రీని పిలిచి పొగగొట్టం కట్టించాడు. ఇక ఆ పొయ్యి దగ్గర కూర్చోవలసింది నేను.

"కంత మూసెయ్యమంటారాండీ?" అన్నాడు మేస్త్రీ.

గోడంతా మసి. కంత చుట్టూ మాత్రం, అమ్మ మొహం ఆని ఆని, సున్నం తెల్లగా ఉంది. నాన్న అది చూశాడు. వంగి, తనూ మొహం ఆనించాడు.

"ఇంత గాలేనా వచ్చేది దీన్లోంచి?" అన్నాడు.

"అమ్మ వాటాకి అదే వచ్చింది నాన్నా" అన్నాను.

ఆ తర్వాత ఆయన అరుగు మీద గ్యాసు మాటెత్తగా నేను వినలేదు.