కుదుపు లెక్క తెలిసిన బాబాయి

పక్కింటి బాబాయి ఇక లేరు. పోయిన మంగళవారం పొద్దున పెరట్లో టమాటా మొక్కలకు నీళ్లు పోస్తూ పడిపోయారని పిన్ని గోడ మీదుగా పిలిచింది. నేను వెళ్లేసరికే ఊపిరి ఆగిపోయింది. అప్పటినుంచి నాకు ఏ పనీ సాగడం లేదు. దుఃఖం ఒక్కటే అయితే ఇలా ఉండేది కాదేమో. ఆయనతో అనవలసిన మాటొకటి అనకుండానే ఉండిపోయాను.

ఆయన రైల్వేలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. సొంతూరు శ్రీకాకుళం వైపు. మా ఆయనకు ఇనుప ఖనిజం గనిలో ఉద్యోగమై మేం ఈ కిరందుల్ వచ్చాక, ఇంట్లో ఫ్యూజు పోయినా, మిక్సీ ఆగినా ఆయన్నే పిలిచేవాళ్లం. వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు ఊరికే చూసేవారు. "ముట్టుకోకముందే సూడాలమ్మా. ముట్టుకున్నాక సూసీదేటుంది" అనేవారు.

నేను ఇంట్లోనే కూర్చుని, కట్టబోయే ఇళ్లకు కంప్యూటర్‌లో బొమ్మలు తయారుచేసి ఇస్తుంటాను. పని పెరగడంతో నిరుడు ఒక పెద్ద గ్రాఫిక్స్ కార్డు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటు పంచే పెట్టెని ఎస్‌ఎంపీఎస్ అంటారు. నా పాతది ఆ కార్డుకు చాలదు. జగదల్‌పూర్‌లో దుకాణదారు ఆరువందల వాట్లది చేతిలో పెట్టి, "చల్ జాయేగా మేడమ్" అని, నడిచిపోతుందిలే అన్నట్టు చేయి ఊపాడు.

బాబాయి దాన్ని అరచేతిలో ఆడించి బరువు చూశారు.

"ఏటమ్మా ఇది, లోపల ఏటీ నేనట్టు తేలిగ్గుంది."

"ఆరొందలు బాబాయ్. కార్డుకి మూడొందల యాభై, ప్రాసెసర్‌కి నూటయాభై, మిగతావాటికి యాభై. సరిపోతుంది."

"అది నడిసినప్పటి లెక్క. కదిలినప్పటి కుదుపు లెక్కెయ్యి. గూడ్సు కదలాలంటే ఇంజను ఎంత గింజుకుంటాదో సూణ్ణేదా? నీ కార్డూ అంతే, ఒక్కోసారి రెప్పపాటులో రెట్టింపు లాగుతాది. ఎనిమిదొందల యాభైకి తగ్గకు, గట్టి సరుకు తెప్పించు. ఇంకోటి, ఈ ఒక్క తీగకే రెండు మూతులెట్టాడు. అలాగొద్దు. కార్డుకి రెండు తీగలు ఏరేగా రావాల."

శుక్రవారానికి ఒక పెద్ద పని ఇచ్చేయాలి. అలాంటిది తెప్పించాలంటే వారం పడుతుంది. నాకు విసుగొచ్చింది. "మీకు రైళ్లు తెలుసు బాబాయ్, ఇవి తెలియవు" అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంటూ, "స్విచ్ మాత్రం నేనెయ్యను" అని వెళ్లిపోయారు.

నేనే బిగించి స్విచ్చేశాను. మూడో రోజు మధ్యాహ్నం ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. కార్డు దగ్గర పొగ. నేను అరిచి, తీగ లాగబోయాను. "ముట్టుకోకు" అంటూ బాబాయి పరుగున వచ్చి మెయిన్ దించేశారు. తర్వాత నా రెండు చేతులూ తీసుకుని, తిప్పి తిప్పి చూశారు. నేను చెప్పలేదా అన్న మాట ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

ఆ పని నా చేజారిపోయింది. ఆయన మాత్రం ఆ వారమే రైలెక్కి విశాఖ వెళ్లి, ఎనిమిదివందల యాభై వాట్లది ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. కార్డు బాగుచేయించాక రెండు తీగలూ వేర్వేరుగా తగిలించి, మూతి పూర్తిగా దిగిందో లేదో నా చేతే లాగించి చూపించారు. నేను సేమ్యా పాయసం చేసి ఇచ్చాను. తప్పయిపోయింది బాబాయ్ అని మాత్రం అనలేదు. రోజూ చూస్తున్న మనిషేగా, ఎప్పుడో ఒకప్పుడు అనొచ్చులే అనుకున్నాను.

సమాధి చేసిన రోజున దోర్నపాల్ అనే ఊరి నుంచి ఒక ముసలాయన వచ్చాడు. దొర్ల తెగవాడు. కుడిచేతికి బొటనవేలు ఒక్కటే ఉంది. పాస్టరుగారి ప్రార్థన అయ్యి అందరూ కదిలాక కూడా అక్కడే నిలబడ్డాడు. బాబాయి మీకెలా తెలుసని అడిగాను.

"రైల్వేకి పోకముందు మా ఊళ్లె బియ్యం మిల్లుల జేసిండమ్మా. కొత్త మోటరు పెద్దది, వైరు పాతది. కాలుతది, వద్దన్నడు. సేఠు వినలే, నడిపియ్యాల్నన్నడు. ఆఖరికి ఈయనే స్విచ్చేసిండు. నేను వైరు పక్కన్నే ఉన్న."

"క్షమించమని మిమ్మల్ని అడిగారా?" అన్నాను.

"ఏమడుగుతడు. ఏడాదికోసారి వచ్చి, మా అరుగు మీద కూసోని పోయేటోడు. పోనీలే అని నేనూ ఎన్నడనలే." సమాధి వైపు తిరిగి, "అనాల్సుండె" అన్నాడు.

బస్సుకు వేళయిందని ఎవరో పిలిచారు. ఆయన వినిపించుకోలేదు. సమాధి పక్కన గొంతుక్కూర్చుని, ఆ ఎర్రమట్టిలో కలిసిపోయిన ఇనుపరాళ్లను ఎడమచేత్తో ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతున్నాడు.