నురగక్క రెండు వేళ్ళు

బోర్డుల గదిలో మూడు వరసలున్నాయి. కింద నీలం సర్ఫింగ్ బోర్డులు: మెత్తనివి, మంచమంత పొడవువి, మొదటిసారి అల ఎక్కబోయేవాళ్ళకి. నడుమ పసుపువి, నిలబడటం వచ్చినవాళ్ళకి. పైన తెల్లవి: సన్నగా, గట్టిగా, అల మీద మలుపు తిరగగలవాళ్ళకి. సెలవులకి వచ్చేవాళ్ళు ఎవరైనా సరే, ఈ మూడు రంగుల్లో ఎక్కడో ఒకచోట ఇమిడిపోతారు. ఇక్కడ నేర్పేది అక్కాచెల్లెళ్ళిద్దరు. నీలం అక్కది. పసుపూ తెలుపూ దూరపు అలల మీద నేర్పే చెల్లెలివి.

అక్క నడుము లోతు నీళ్ళలో, అల విరిగి నురగయ్యే చోట నిలబడి నేర్పుతుంది. అందుకే తీరంలో అందరికీ ఆమె నురగక్క. పదిహేడేళ్ళుగా ఆమె చేసే పని ఒకటే. బోర్డు మీద బోర్లా పడుకున్నవాళ్ళని అల రాగానే వెనకనుంచి తోసి, "లేవండి" అంటుంది. లేచిన క్షణంలో వాళ్ళ ముఖం ఎలా వెలుగుతుందో ఆమె చూడలేదు. ఆమెకి దక్కేది వీపు. దూరమయ్యే వీపు, గాలిని తడుముకునే రెండు చేతులు. మూడుసార్లు పడకుండా ఇసుక దాకా వెళ్తే వాళ్ళకి పసుపు బోర్డు ఇవ్వాలి. ఇవ్వచ్చని చెప్పవలసింది ఆమే. చెప్పిన మర్నాటినుంచి వాళ్ళు చెల్లెలి మనుషులు.

ఫొటోల్లో చెల్లెలే ఉంటుంది. ఊరికి వెళ్ళేముందు చెల్లెల్ని కావలించుకుంటారు, నురగక్కకి చెయ్యి ఊపుతారు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని ఆమె చాలామందిని చూసింది. ఆ తెప్పకి కళ్ళుంటాయని మాత్రం ఎవరికీ తట్టదు.

చెల్లెలు నీళ్ళ మీద నడుస్తుందని ఎవరైనా అంటే, నురగక్క అవునండీ అనేది. నడక నేర్పిందెవరో అని లోపల అనుకునేది. ఇంటి వెనక తీగ మీద ఇద్దరి తువ్వాళ్ళూ పక్కపక్కనే ఆరుతుంటే, గాలి చెల్లెలిదాన్నే ఎక్కువ ఎగరేస్తున్నట్టు తోచేది. చెల్లెలు మొదటిసారి దూరపు అల ఎక్కిన ఏడాదినుంచి తను నురగ దాటి వెళ్ళలేదు. మోకాలి నొప్పి అని చెప్పేది. మోకాలు శుభ్రంగా ఉండేది.

ఆ వారం ఒక కండక్టరమ్మ వచ్చింది. ముప్ఫై ఏళ్ళు బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి. వయసైంది, ఇక ఆఫీసులో కుర్చీ తీసుకోమంటున్నారట పైవాళ్ళు. సెలవు అయ్యేలోగా ఏదో ఒకటి చెప్పాలి. ఈ కాళ్ళలో ఇంకా సత్తువ ఉందో లేదో సముద్రాన్నే అడుగుదామని వచ్చానంది. కదిలే బోర్డు మీద నిలబడితే, కదిలే బస్సులో కమ్మీ పట్టుకోకుండా నిలబడ్డట్టే, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోక్కర్లేదు అని ఆమె లెక్క.

మొదటిసారి పడ్డప్పుడు ఆమె ఒక పని చేసింది. నీళ్ళలోంచి లేచి, ఒడ్డువైపు కాకుండా వెనక్కి తిరిగి నురగక్కని చూసి నవ్వింది. "ముందుకు జరగండి, ముందుకు జరగండి అని జనానికి చెప్పీ చెప్పీ, నేనే జరగడం మర్చిపోయానమ్మా" అంది. మధ్యాహ్నం తన డబ్బా తెచ్చుకుని నురగక్క పక్కనే కూర్చుని తింది. నీకేం ఇష్టం, చిన్నప్పుడు ఏమవుదామనుకున్నావు అని అడిగింది. అలా అడిగినవాళ్ళు నీలం బోర్డుల చరిత్రలో లేరు.

రెండో రోజు కండక్టరమ్మ కాళ్ళు బోర్డు మీద మేకు కొట్టినట్టు నిలిచాయి. ఈమె రేపటికే పసుపు అని నురగక్కకి అర్థమైంది. ఎల్లుండికి చెల్లెలి పక్కన ఫొటోలో ఉంటుంది. అప్పుడు తోస్తున్న చెయ్యి వదలలేదు. రెండు వేళ్ళు బోర్డు వెనక కొసని ఒక్క క్షణం పట్టుకున్నాయి. అల కిందనుంచి జారిపోయింది. కండక్టరమ్మ వెనక్కి పడింది.

మళ్ళీ తోసింది. మళ్ళీ పట్టుకుంది. ఆ రోజంతా, మర్నాడంతా. ప్రతిసారీ ఈసారి వదిలేస్తాననే అనుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం కండక్టరమ్మ డబ్బా తెరవలేదు. పాదాలకి అంటిన ఇసుక దులుపుకుంటూ, ముప్ఫై ఏళ్ళు మోసిన కాళ్ళు ఇప్పుడు మోసం చేశాయనీ, రేపు ఒక్కపూట చూసి కుర్చీకే ఒప్పుకుంటాననీ చెప్పింది. పాదాల్ని తిట్టలేదు. నిద్రపోయిన పిల్లల్ని తాకినట్టు తాకింది.

ఆ సాయంత్రం బోర్డుల గదిలో అక్కాచెల్లెళ్ళు, కాలు జారకుండా బోర్డులకి పూసిన పాత మైనం గీకుతున్నారు. చెల్లెలు తల ఎత్తకుండానే అంది:

"తోసి వదిలేస్తే నీ మోచెయ్యి నీళ్ళ పైకి లేస్తుందక్కా. రెండ్రోజులుగా లేవడం లేదు."

"అంత దూరంనుంచి నీకేం కనిపిస్తుందే?"

"ఆ మోచెయ్యి కనిపిస్తే చాలు. నాకు పదేళ్ళప్పుడు నా బోర్డూ ఇలాగే పట్టుకున్నావు. వెనక కొస బరువు నాకు తెలుసు."

నురగక్క చేతిలో గీకుడుపలక ఆగింది. "మరి అప్పుడెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు నేర్పడం మానేస్తావేమోనని."

చెల్లెలు బోర్డు పైవరసలో పెట్టి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళు ఆ మాట దాచిన చెల్లెల్ని మెచ్చుకోవలసి వచ్చినందుకు నురగక్కకి ఇంకా కడుపు మండింది.

మర్నాడు పొద్దున అల వచ్చింది. నురగక్క తోసింది, వదిలింది. కండక్టరమ్మ లేచి నిలబడి, ఎవరికో గంట కొట్టినట్టు "రైట్, రైట్" అంటూ ఇసుక దాకా వెళ్ళింది. ఇంకోసారి. మూడోసారి కూడా. తిరిగొచ్చి, ఒక్క రాత్రిలో నా కాళ్ళకి ఏమైందమ్మా అని అడిగింది.

ఊరుకుంటే సరిపోయేది. ఇప్పుడు ఎలాగూ నిలబడుతోంది. కాని చెడ్డ రెండు రోజులు ఆ కాళ్ళ పద్దులోనే ఉండిపోతాయి. కుర్చీ గురించి ఆలోచించినప్పుడల్లా అవే గుర్తొస్తాయి.

"మీ కాళ్ళకి ఏమీ కాలేదు. నేనే పట్టుకున్నాను, ఈ రెండు వేళ్ళతో. నిలబడితే మీరు మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతారని."

రెండు చిన్న అలలు వాళ్ళ మధ్యనుంచి వెళ్ళాయి.

"బస్సు వెనక నిచ్చెన పట్టుకుని వేలాడేవాళ్ళని చాలామందిని దింపాను తల్లీ" అంది కండక్టరమ్మ చివరికి. "వాళ్ళూ పడతారు, బస్సూ ఆలస్యమవుతుంది."

నవ్వుతూ అనలేదు. గదిలోంచి పసుపు బోర్డు తనే తెచ్చుకుని లోతు నీళ్ళలోకి వెళ్ళింది. వెనక్కి తిరగలేదు. వారం అయ్యేసరికి బస్సు మీదే ఉంటానని పైవాళ్ళకి చెప్పేసినట్టు చెల్లెలి ద్వారా తెలిసింది. ఆ మాట కూడా చెల్లెలికే చెప్పింది.

నురగక్క ఇంకా నురగలోనే ఉంది. చెల్లెలి తువ్వాలు ఇంకా ఎక్కువే ఎగురుతుంది. మారింది ఒక్కటే. ఎవరినైనా తోసిన మరుక్షణం ఆమె రెండు చేతులూ తలకంటే పైకెత్తి, వేళ్ళు విడదీసి పట్టుకుంటుంది, దూరపు అలల మీద ఉన్న చెల్లెలికి కనబడేలా. ఒడ్డున చూసేవాళ్ళు మాత్రం, శిష్యులు నిలబడితే ఈవిడకి ఎంత సంబరమో అనుకుంటారు.