రెల్లులోంచి పలికిన ఎక్కం

మా పంతులుగారు పోయారన్న కబురు లంకకు పాల పడవలో వచ్చింది. నేను నమ్మలేదు. ఆయన సెలవు పెట్టి రాజమండ్రిలో అన్నగారింటికి వెళ్లి ఎన్నాళ్లో కాలేదు. గోదావరి మధ్యనున్న మా లంక బడిని ఎత్తేసి కొవ్వూరు గట్టు మీది బడిలో కలిపేయాలని పైవాళ్లకు ఎప్పటినుంచో ఉంది. ఆయన లేరంటే ఆ పని సుళువవుతుంది. ఎవరో కావాలని పుట్టించిన మాటే అనుకుని, మర్నాడు పొద్దున్నే గోదావరి దాటాను.

అరుగు మీద కూర్చున్న అన్నగారు నన్ను చూడగానే లేచారు.

"లంక నుంచేనాండి? రండి. మీరొస్తారని తమ్ముడు ముందే చెప్పాడండి. 'నేను పోయానంటే ఆయన నమ్మడు, లోపలికి తీసుకెళ్లి చూపించండి' అన్నాడు."

లోపల పంతులుగారు ఆఖరిసారి పడుకున్న చోట దీపం వెలుగుతోంది. పక్కన ఆయన పొడుం డబ్బీ ఉంది. అప్పుడు నమ్మాను. గోడకు చేరగిలబడి ఏడ్చాను.

చదివేవారు నన్ను అనుమానపు మనిషి అనుకుంటే అనుకోండి. లంకలో పుట్టినవాడికి అనుమానం తల్లిపాలతోనే వస్తుంది. ఈ ఏడు దున్నిన చేను వచ్చే ఏటికి ఒడ్డున ఉంటుందో ఏట్లో ఉంటుందో చెప్పలేం. కొత్తగా మేట వేసిన చోట మేము విత్తనం చల్లేలోపే ఎవరో వచ్చి అది తమదంటారు. పడవ దిగిన ప్రతి కొత్త మనిషీ ఏదో ఒకటి కొలిచి పట్టుకుపోయేవాడే.

అలాంటి చోట పంతులుగారు ఒక ట్రంకు పెట్టెతో, భూమి కొలిచే ఇనుప గొలుసుతో పడవ దిగారు.

"బడి పెట్టడానికి వచ్చానండి" అన్నారు.

"బడికి గొలుసెందుకండి?" అని అడిగాను.

"మీ భూమి మీరే కొలుచుకోవడం నేర్పుదామని."

నా అనుమానం రెట్టింపయింది. సర్కారు జీతం తినే మనిషి భూములు కొలిచే సర్కారు అమీను లెక్కను తప్పుపట్టే విద్య మాకెందుకు నేర్పుతాడు? చాన్నాళ్లు ఆయన ఎటు నడిస్తే అటు నడిచాను. ఆయనకు తెలుసు. ఎండగా ఉంటే గొడుగు నా వైపు కొంచెం వంచేవారు, అంతే.

బడి మొదట మా పశువుల పాకలో మొదలైంది. వరద వస్తుందంటే మా ఇళ్లలాగే దాన్నీ విప్పి, వాసాలూ తాటాకులూ మోసుకెళ్లి మెరక మీద మళ్లీ కట్టేవాళ్లం. ఒడ్డు కోతపడితే బడి వెనక్కి జరిగేది. పంతులుగారు దాన్ని మన యూనివర్సిటీ అనేవారు. "చెన్నపట్నంలో ఉన్నది కదల్లేదండి, మనది నడుస్తుంది" అని నవ్వేవారు. యూనివర్సిటీ అంటే ఏదో కొత్త పన్నేమోనని మా వాళ్లు కొన్నాళ్లు బెదిరారు కూడా.

ఆ పాకలో చదువులు చాలానే సాగేవి. పొద్దున పిల్లలకు అక్షరాలూ ఎక్కాలూ. వేట నుంచి వచ్చి వలలు ఆరేసుకున్నాక పల్లెకారులకు కాగితం చదవడం. నిశానీ పెట్టేముందు అందులో ఏముందో తెలుసుకోవడమే ఆ చదువంతా. సాయంత్రం పాలూ పెరుగూ అమ్మే ఆడవాళ్లకు కొలతలు, నోటిలెక్కలు. వేసవిలో పొలం పనులు లేనప్పుడు మాబోటి రైతులకు గొలుసు. ఒకే చేనును ఈ కొసనుంచీ ఆ కొసనుంచీ కొలిపించేవారు. "నా మాట నమ్మకండి, మళ్లీ కొలవండి" అనేవారు. "అనుమానం వస్తే అడిగేయండి, లోపల దాచుకుంటే పులిసిపోతుంది" అని కూడా అనేవారు. గట్టి లెక్క అడిగేముందు పొడుం పీల్చడం ఆయన అలవాటు. డబ్బీ మూత చప్పుడుకే పిల్లలు సర్దుకుని కూర్చునేవారు.

మొదటిసారి బడుల ఇన్‌స్పెక్టరుగారు వచ్చిన రోజు చెబుతాను. పిల్లల తలలు లెక్కపెట్టడానికి ఎవరో వస్తున్నారని లంకంతా పాకింది. తలలు లెక్కపెట్టేది పన్నుకైనా అయుండాలి, టీకాలకైనా అయుండాలి. తెల్లారేసరికి పిల్లలందరూ రెల్లు దుబ్బుల్లో ఉన్నారు. మా అమ్మాయిని నేనే కూర్చోబెట్టి వచ్చాను.

ఖాళీ పాక చూసి ఇన్‌స్పెక్టరుగారు, "పిల్లల్లేని బడి ఎందుకండీ, ఎత్తేద్దాం" అన్నారు.

పంతులుగారు మెల్లగా రెల్లు దాకా నడిచి, డబ్బీ మూత తీసి, రోజూ అడిగినట్టే అడిగారు.

"ఎనిమిది తొమ్ములు?"

"డెబ్బైరెండు" అని రెల్లంతా పలికింది. మా అమ్మాయి గొంతు అందరికంటే పైన వినిపించింది. పడవ ఎక్కబోతున్న ఇన్‌స్పెక్టరుగారు నవ్వాపుకోలేక దాని అంచు పట్టుకున్నారు. బడి నిలిచింది.

"మమ్మల్నొక్క మాటైనా అనలేదేంటండి?" అని తర్వాత అడిగాను.

"అనుమానం ఉన్నవాడే చదువుకు పనికొస్తాడండి. ఊరికే నమ్మేసేవాడికి నేనేం చెప్పినా ఒకటే" అన్నారు. ఆ రోజుతో ఆయన వెనక తిరగడం మానేశాను.

మొన్న మళ్లీ ఒకాయన కాగితాలతో పడవ దిగాడు. పంతులుగారు లేరు కనుక బడి ఉంచాలా తీసేయాలా చూసి రాయడానికట. ముందుగా కబురు లేదు. కాగితాల మనిషిని రేవులో చూడగానే ఆడవాళ్లు పాత అలవాటు కొద్దీ పిల్లలను దాచేశారు. దాచేది బడిని కాపాడడానికో పోగొట్టుకోవడానికో ఆలోచించే వ్యవధి వాళ్లకు లేకపోయింది.

"బళ్లో ఎవరూ లేరేంటండి?" అన్నాడాయన, కలం తీస్తూ.

నేను రెల్లు దగ్గరకు వెళ్లాను. నా దగ్గర పొడుం డబ్బీ లేదు, ఆ గొంతూ లేదు.

"ఎనిమిది తొమ్ములు?" అన్నాను.

వెనక కాగితం మీద కలం గీస్తున్న చప్పుడే వినిపించింది. ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడు లోపలినుంచి మా మనవరాలి గొంతు, మెల్లగా, అనుమానంగా వచ్చింది.

"అడిగేది ఎవరండీ?"

ఆ ప్రశ్న పంతులుగారు నేర్పిందే.

"తాతయ్యనమ్మా. పంతులుగారి తరఫున అడుగుతున్నాను" అన్నాను.

కలం చప్పుడు ఆగింది. గాలి లేదు. అయినా తెల్లటి రెల్లుపూలు ఒక్కొక్కటే కదిలాయి. వాటి మధ్యనుంచి నూనె రాసి దువ్విన తలలు పైకి లేస్తూ, డెబ్బైరెండు అంటూ బడి వైపు నడిచాయి.