ఖాళీ కుర్చీలతో సమీక్ష

రాయదుర్గం మెట్రో మెట్లు దిగగానే వేడిగాలి ముఖాన కొడుతుంది, దాని వెంటే తడి సిమెంటు వాసన. ఆ వాసన తగిలితే చాలు, నాకు విమల మేడమ్ గుర్తొస్తారు. గాజు భవనాల మధ్య ఒక అద్దె అంతస్తులో మా ప్రభుత్వ వాతావరణ విభాగం ఉండేది. విభాగమంటే ఎంతో పెద్దదనుకునేరు! అధికారిగా ఆవిడ, కాంట్రాక్టు మీద చేరిన నేను, అంతే. మిగతా ఉద్యోగాలన్నీ కాగితం మీదే కళకళలాడేవి.

ఆ వేసవిలో వడదెబ్బ నివారణ ప్రణాళిక వచ్చింది. మిట్టమధ్యాహ్నం భవన నిర్మాణ పనులు ఆపించాలి, కూలీలకు నీడా నీళ్లూ ఉన్నాయో లేదో రోజూ చూసి రావాలి. రంగుల బొమ్మలతో పుస్తకం ముచ్చటగా ఉంది. మేడమ్ అంతా చదివి, "బాగుందమ్మా. మరి ఎవరు వెళ్తారు?" అన్నారు. ఎవరూ లేరు కనుక మేమే వెళ్లాం. హఫీజ్‌పేట్ దగ్గర అపార్టుమెంట్లు కడుతున్న చోట యాదమ్మ అనే కూలీ ఎండలో కూలబడిపోయి ఉంది. తల తడిపి, ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం. బతికింది. తోడొచ్చిన కూలీ మాత్రం, "నిన్న గూడ ఒకాయన గిట్లనే పడ్డడు మేడమ్. పని బంజెయ్యమని చెప్పెటోళ్లు ఎవ్వరు రాలే" అంది.

పైఅధికారులతో జరిగే తరువాతి సమీక్షకు ఆవిడ ముందే వచ్చి, ఖాళీ ఉద్యోగాలన్నిటి పేర్లతో పలకలు రాయించి, ఒక్కొక్క కుర్చీ ముందు పెట్టించారు.

"వీళ్లంతా ఏరి?" అన్నారు పెద్ద అధికారి.

"ఈ పనులు చెయ్యాల్సింది వీళ్లేనండి. ఒక్కరినీ వెయ్యలేదు."

"ఇన్‌ఛార్జిగా మీరున్నారు కదా! తనిఖీలు జరుగుతున్నాయని రాసి పంపండి."

"నేనొక చోట నిలబడితే ఇంకో చోట మనుషులు పడిపోతున్నారండి. జరుగుతున్నాయని రాయలేను."

ఆ క్షణంలో ఆవిడ మీద నాకు కలిగినంత గౌరవం మళ్లీ ఎవరి మీదా కలగలేదు.

చివరికి ఆ ఖాళీల భర్తీకి అనుమతి వచ్చిన వారమే ఆవిడకు బదిలీ వచ్చింది. రెంటికీ సంబంధం లేదన్నారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పరీక్ష రాసి ఆ ఉద్యోగాల్లో ఒకదానికి నేనే ఎంపికయ్యాను.

ఇవాళ మధ్యాహ్నం తనిఖీకి వెళ్లిన చోట ఒక మేస్త్రీ నవ్వుతూ, "ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్, ఇగ ఆపుతం. మీరు రాసుకొని పోండ్రి" అన్నాడు. మేడమ్ నాకిచ్చి వెళ్లింది మొండితనమే. అక్కడే కంకర కుప్ప మీద కూర్చుని, పైఅంతస్తు నుంచి చివరి మనిషి దిగి నీడలోకి వచ్చాకే లేచాను.