ఒక పరలోక జపమంత సేపు

మొన్న బుధవారం పొద్దున ఏడు గంటలకు కాజీపేటలో మా ఫిట్టరు మామ చనిపోయారు. పక్షవాతం వచ్చి ఐదు నెలలుగా మంచంలో ఉన్నారు. ఆయన పోయే సమయానికి వంటింట్లో ఒక స్టీలు గిన్నెలో రెండు తోలు వాచర్లు పల్లి నూనెలో నానుతున్నాయి. చావు కబురులో రాయవలసిన సంగతి కాదిది. కానీ అత్తమ్మ పక్కింటి ఫోన్ నుంచి రెండూ ఒకే గుక్కలో చెప్పింది.

"మీ మామ పోయిండు బిడ్డా. వాచర్లు ఇంక నానుతనే ఉన్నయి."

ఆయన నాకు చుట్టం కాదు. పత్రికలో చేరిన కొత్తలో నేను అద్దెకు దిగింది ఆయన పక్కింట్లో. లోకోషెడ్డులో బాయిలరు ఫిట్టరు కనుక వాడకట్టంతా ఫిట్టరనే పిలిచేది. నేను దానికి మామ చేర్చాను. పొద్దున్నే నా వార్త వెతికి, పైకి చదివి, గోడ మీదుగా ఒకే ప్రశ్న వేసేవారు. "అల్లుడా, గిది నువ్వు చూసినవా, ఇన్నవా?" విన్నానంటే పేపరు మడిచి లోపలికి వెళ్లిపోయేవారు. ఇప్పుడు కొత్తగా చేరిన విలేకరులను నేను అడిగేదీ అదే. అది ఎవరి ప్రశ్నో వాళ్లకు తెలియదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది ఆయన రిటైరయ్యారు. అప్పటికే షెడ్డులోకి డీజిల్ ఇంజన్లు వచ్చేస్తున్నాయి. నెల తిరక్కుండానే ఒక సాయంత్రం గోనెసంచి చుట్టిన బరువైన వస్తువుతో రిక్షా దిగారు. అత్తమ్మ గుమ్మంలోనే నిలబెట్టింది.

"ముప్పై ఐదేండ్లు ఇంజన్లతోని కాపురం జేసినవ్. ఇప్పుడు దాని పిల్లను ఇంటికి తోల్కొస్తానవా?"

"ఇంజన్ గాదే. కాఫీ మిషిని. ఫాదర్‌ది."

"నువ్వెన్నడన్న కాఫీ తాగిన మొకమేనా?"

"తాగుడెందుకు? బాయిలరున్నది, గేజి గ్లాసున్నది. మిగిలింది అదే తెలుస్తది."

ఫాదర్ అంటే మామ వాళ్ల చర్చి గురువు. ఇటలీ నుంచి యువకుడిగా వచ్చి ఈ చుట్టుపక్కల ఊళ్లలోనే ముసలివాడయ్యారు. ఆ యంత్రం స్వదేశంలో కాఫీ దుకాణం నడిపిన ఆయన అన్న ఎప్పుడో ఓడలో పంపించినది. లోపలి వాచర్లు ఎండిపోయాక చర్చి బంగ్లా కొట్టుగదిలో ఏళ్ల తరబడి పడి ఉంది. ఆ ఏడు ఫాదర్‌కు గుండె జబ్బు ముదిరింది. పోయేలోగా దానిలోంచి ఒక్క కప్పు తాగాలని ఉందని మామతో అన్నారు. మామ అక్కడికక్కడే మాట ఇచ్చారు. "క్రిస్మస్ లోపల తాపిస్త ఫాదర్."

చూడని వారి కోసం ఆ యంత్రం సంగతి చెబుతాను. నిలువుగా ఇత్తడి బాయిలరు, నీటి మట్టం చూపే గాజు గొట్టం, ముందు మూరెడు పొడవు పిడి. పిడిని కిందికి గుంజితే లోపల బలమైన స్ప్రింగు బిగుసుకుంటుంది. వదిలేస్తే ఆ స్ప్రింగే వేడి నీళ్లను కాఫీ పొడిలోంచి కప్పులోకి నెడుతుంది. నెడుతున్నంత సేపూ పిడి తనంతట తానే మెల్లగా పైకి లేస్తుంది. ఎంత మెల్లగా అన్నది ఫాదర్ తన వరంగల్ తెలుగులో చెప్పారు.

"కిందికి గుంజు, వదిలిపెట్టు, 'పరలోకమందుండెడు మా తండ్రీ' అని పరలోక జపం షురూ చెయ్యి. ఆమెన్ అనేవరకు పిడి మీదికి రావాలె. ముందే పోతే వట్టి నీళ్లు. పోనే పోకపోతే, ఫిట్టరూ, అది నీ తప్పే." అని నవ్వారు. మామ నవ్వలేదు. తలూపారు.

బాయిలరులో పేరుకున్న సున్నాన్ని చింతపండు పులుసుతో వారం రోజులు కడిగారు. గ్యాసు పొయ్యి ఉండవలసిన చోట కిరసనాయిలు పంపు స్టవ్వు బర్నరు బిగించారు. చేతి పంపుల వాచర్ల తోలు తెచ్చి, కోసి, అరగదీసి కొత్త వాచర్లు చేశారు. నేను పక్కన కూర్చుని పానాలు అందించేవాడిని. మొదటిసారి ఆవిరి పట్టాక పొడి వేయకుండానే పిడి గుంజి వదిలారు. అడ్డు లేని స్ప్రింగు ఒక్క దెబ్బకు విప్పుకుంది. పిడి ఎగిరి వచ్చి ఆయన గడ్డానికి తగిలింది. ముందు పన్ను ఒకటి ఊడింది. ఆయన ఆ పన్నును అరచేతిలో పెట్టుకుని, "స్ప్రింగుకు జోరున్నది అల్లుడా, ఫికర్ లేదు" అన్నారు.

పొడి వేసినప్పుడు పిడి లేవలేదు. కింద ఎక్కడ వదిలారో అక్కడే ఉండిపోయింది. ఒక జపం అయింది, రెండు అయ్యాయి. కప్పులో నాలుగు నల్లటి చుక్కలు పడ్డాయి.

మామ మళ్లీ మొత్తం విప్పారు. ఆయన లెక్క ఒకటే: "తప్పు మొదలు మన చేతిల ఎతకాలె." వాచరు మందమైందేమోనని పలచన చేశారు. స్ప్రింగు బిగువు సరిచేశారు. జల్లెడ బిళ్ల చిల్లులను సూదితో పొడిచారు. క్రిస్మస్ ముందు ఫాదర్‌ను రిక్షాలో తీసుకొచ్చి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ రోజూ పిడి లేవలేదు. మామ చొక్కా చెమటతో తడిసిపోయింది. చివరకు అత్తమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. ఫాదర్ తాగి, "చాయ్ మంచిగున్నదమ్మా" అన్నారు. తరువాత మామ భుజం తట్టి, "ఫికర్ చెయ్యకు" అన్నారు. ఈస్టర్ రాకముందే దవాఖానలో ఆయన పోయారు. ఆ కప్పు తాగలేదు.

సమాధుల తోట నుంచి వచ్చిన సాయంత్రం మామ మిషిని మళ్లీ విప్పారు.

"ఇగ ఎవలకు?" అని అడిగింది అత్తమ్మ.

"మాటిచ్చిన గదా."

తొమ్మిదేళ్లు విప్పుతూ బిగిస్తూ ఉన్నారు. నేను వేరే ఊళ్లకు బదిలీ అయి, మళ్లీ వరంగల్ వచ్చాను. వెళ్లినప్పుడల్లా పానాలు అందించాను. వాళ్ల పరలోక జపం నాకు కంఠతా వచ్చింది. ఆమెన్ దాకా చెప్పేవాళ్లం, పిడి వైపు చూసేవాళ్లం, మామ పానా కోసం చెయ్యి చాచేవారు. నేను ఆ మతం వాడిని కాను, నాకు వచ్చిన జపం అదొక్కటే.

నిరుడు ఒక వార్త పని మీద అరకు వెళ్లాను. కాఫీ తోటలో గింజలు వేయించే ముసలాయనతో మాటల్లో మామ మిషిని కథ చెప్పాను. ఆయన అడిగింది ఒకే ప్రశ్న. "పొడి ఎక్కడిదండీ?"

స్టేషన్ రోడ్డు దుకాణంలోది అన్నాను.

"అందులో సగం చికోరీయేనండి బాబూ. ఫిల్టర్లో అయితే బాగానే దిగుద్ది. నీళ్లతో అదిమారంటే బంకలా పట్టేసుద్ది. మిషనేం చేస్తాదండీ?"

తొమ్మిదేళ్లుగా ఆ కాఫీ పొడి డబ్బా నా మోకాలి పక్కనే ఉంది. చికోరీ వేళ్ల పొడి కలిపిన సంగతి దాని మీద చిన్న అక్షరాల్లో అచ్చయి ఉంది. చిన్న అక్షరాలు చదవడం నా వృత్తి. మామ కాఫీ తాగని మనిషి, ఆయనకు తెలియకపోవడంలో వింత లేదు. నేను చదవలేదు. తన చేతిలో లేని తప్పును ఆయన తన చేతిలో వెతుకుతుంటే పక్కన కూర్చుని చూశాను.

చికోరీ లేని గింజలు తీసుకుని కాజీపేటకు వచ్చేసరికి ఆయన మంచంలో ఉన్నారు. కుడి వైపు పడిపోయింది, మాట లేదు. చెవి దగ్గర చెప్పాను. "మామా, మిషిని మంచిగనే ఉన్నది. మొదటి నుంచి మంచిగనే ఉన్నది. పొడి తప్పు." ఎడమ కంటి నుంచి నీళ్లు కారాయి. నవ్వో ఏడుపో చెప్పలేను, సగం ముఖమే కదిలింది.

గింజలు అత్తమ్మ రోట్లో దంచింది. నేను ఆవిరి పట్టి పిడి గుంజాను. పైన కీళ్లలోంచి నీళ్లు చిమ్మాయి. వాడక లేక వాచర్లు ఎండి బిరుసెక్కాయి. పొడి దొరికే నాటికి మిషిని పాడైంది. దాన్ని బాగు చేయడం తెలిసిన ఒక్క మనిషీ చెప్పలేని స్థితిలో మమ్మల్నే చూస్తున్నారు.

ఆ తరువాత వెళ్లినప్పుడల్లా నాకు తోచిందల్లా చేశాను. కొత్త తోలు కోశాను, కుదరలేదు. పానాలు ఒక్కొక్కటే ఎత్తి చూపించాను, ఆయన కళ్లు మూసుకున్నారు. పోయే ముందటి శని, ఆదివారాలు ఎడమ చెయ్యి వంటింటి వైపు చూపుతూనే ఉన్నారు. అత్తమ్మ జావ తెచ్చింది. ముఖం తిప్పుకున్నారు. నీళ్లు తెచ్చింది. వద్దన్నారు. సోమవారం విసిగిపోయి వంటింట్లోని సామానంతా ఒక్కొక్కటే తెచ్చి ముందు పెట్టింది. "ఉప్పా? చింతపండా? నా పానమా? ఏంది చెప్పయ్యా!" పల్లి నూనె సీసా దగ్గర ఆయన చెయ్యి మంచం మీద పడింది. ఇక లేపలేదు.

"అగో, వాచర్లు నానేసేటోడు బిడ్డా," అంది అత్తమ్మ. "మూడు దినాలు. నా నూనెంత ఖరాబు జేస్తానవని లొల్లి వెట్టుకునేదాన్ని."

సోమవారం మధ్యాహ్నం ఎండిన వాచర్లను నూనెలో వేసి నేను వరంగల్ వెళ్లిపోయాను. బుధవారం ఆయన పోయారు.

గురువారం ఫాదర్ సమాధికి నాలుగు వరసల అవతల ఆయన్ను పాతిపెట్టి వచ్చాం. వచ్చినవాళ్లు వెళ్లిపోయాక అత్తమ్మ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"మూడు దినాలైనయి. బిగించు."

వాచర్లు మెత్తగా ఉన్నాయి. తుడిచి బిగించాను. స్టవ్వు వెలిగించాను. ఎక్కడా చుక్క కారలేదు. పొడి వేసి, పిడి కిందికి గుంజి వదిలాను. అత్తమ్మ కొంగు తల మీదికి లాక్కుని పరలోక జపం మొదలుపెట్టింది. పిడి కదిలింది. కింద చిన్న కప్పులోకి తేనె రంగు ధార సన్నగా దిగింది. జపం సగానికి వచ్చేసరికి అత్తమ్మ గొంతు ఆగిపోయింది. మిగతాది నాకు వచ్చు. అందుకోవడం మరిచి పిడినే చూస్తున్నాను.

పిడి మాత్రం ఆగలేదు. ఎవరి చెయ్యీ లేకుండా, మెల్లగా, అదే పనిగా పైకి లేస్తూనే ఉంది.